జీటీఏ 6 మళ్లీ వాయిదా.. 13 ఏళ్ల ఎదురుచూపులు ఎందుకు? లేట్ వెనుక అసలు లెక్క ఇదీ!

ప్రపంచవ్యాప్తంగా గేమర్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న గేమ్ ఏదైనా ఉందంటే అది గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6. ముద్దుగా జీటీఏ 6. ముందు 2025 అన్నారు. ఆ తర్వాత 2026 మే అన్నారు. ఇప్పుడు ఆ డేట్ కూడా పోయింది. 2026 నవంబర్ 19న విడుదల చేస్తామంటూ రాక్‌స్టార్ గేమ్స్ కొత్త తేదీ ప్రకటించింది. దీంతో సోషల్ మీడియాలో మీమ్స్ వరద మొదలైంది. ఇంతకీ ఒక గేమ్ తయారీకి ఇన్నేళ్లు ఎందుకు పడుతోంది? వేల కోట్ల వ్యాపారం ఎదురుగా ఉన్నా కంపెనీ ఎందుకు ఆగుతోంది? ఫోన్‌లో జీటీఏ 6 వచ్చేసిందంటూ కనిపిస్తున్న లింకుల సంగతేంటి? వివరంగా చూద్దాం.

అసలేం జరిగింది?

జీటీఏ 5 విడుదలైంది 2013 సెప్టెంబర్ 17న. తర్వాతి గేమ్ తయారీలో ఉందని రాక్‌స్టార్ అధికారికంగా ఒప్పుకున్నది 2022 ఫిబ్రవరిలో. తొలి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది. చివర్లో కనిపించింది ఒకే ఒక్క మాట.. 2025. అక్కడి నుంచే కౌంట్‌డౌన్ మొదలైంది.

2024 మేలో మాతృసంస్థ టేక్-టూ దాన్ని 2025 శరదృతువు అని కాస్త స్పష్టం చేసింది. సరిగ్గా ఏడాది తర్వాత, 2025 మే 2న తొలి షాక్. గేమ్ 2026 మే 26కి వాయిదా. ఫ్యాన్స్ కోపం చల్లార్చడానికా అన్నట్టు నాలుగు రోజులకే రెండో ట్రైలర్ వదిలారు. 2025 నవంబర్ 6న రెండో షాక్. మరో ఆరు నెలలు వెనక్కి వెళ్లి డేట్ నవంబర్ 19, 2026 అయింది. ఎదురుచూపులు పెరుగుతున్నందుకు సారీ చెప్పిన రాక్‌స్టార్.. ఫ్యాన్స్ కోరుకునే స్థాయిలో గేమ్‌కు తుది మెరుగులు దిద్దడానికే ఈ సమయం అని వివరణ ఇచ్చింది.

అంటే లెక్క వేస్తే రెండు జీటీఏల మధ్య గ్యాప్ 13 ఏళ్లు దాటుతోంది. జీటీఏ 5 వచ్చినప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు, జీటీఏ 6 చేతికొచ్చేసరికి డిగ్రీలో ఉంటాడన్నమాట.

ఎందుకింత క్రేజ్?

ఈ క్రేజ్ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. జీటీఏ 3 2001లో, వైస్ సిటీ 2002లో, శాన్ ఆండ్రియాస్ 2004లో వచ్చాయి. నగరమంతా మీదే. నచ్చిన కారు ఎక్కొచ్చు, నచ్చిన చోటికి పోవచ్చు. మిషన్ చేస్తారా, ఊరికే రేడియో వింటూ తిరుగుతారా అన్నది మీ ఇష్టం. ఇదే ఆ గేమ్ మ్యాజిక్.

తెలుగు రాష్ట్రాల్లోనూ వైస్ సిటీకి పెద్ద ఫ్లాష్‌బ్యాకే ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేని రోజుల్లో నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి టామీ వెర్సెట్టీతో బైక్ తోలిన తరం ఇప్పుడు ముప్పైల్లో ఉంది. నోట్‌బుక్ చివరి పేజీలో చీట్ కోడ్స్ రాసుకోవడం, ప్యాంజర్ అని టైప్ చేస్తే యుద్ధ ట్యాంకు దిగడం, పోలీసులు వెంటపడితే లీవ్ మీ ఎలోన్ కోడ్ కొట్టడం.. ఇవన్నీ వాళ్లకు గుర్తే. ఆ వైస్ సిటీకే జీటీఏ 6 తిరిగి వెళ్తోంది. అందుకే ఈసారి హైప్‌కు నోస్టాల్జియా కూడా తోడైంది.

ఇక అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. జీటీఏ 5 మొదటి రోజే 80 కోట్ల డాలర్లు వసూలు చేసింది. మూడు రోజుల్లో 100 కోట్ల డాలర్లు దాటేసింది. ఇప్పటివరకు 20 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. జీటీఏ 6 తొలి ట్రైలర్‌కు యూట్యూబ్‌లో 24 గంటల్లోనే 9 కోట్లకు పైగా వ్యూస్ వచ్చాయి. రెండో ట్రైలర్‌కు అన్ని ప్లాట్‌ఫామ్స్ కలిపి ఒక్క రోజులో 47.5 కోట్ల వ్యూస్ వచ్చాయని రాక్‌స్టార్ ప్రకటించుకుంది.

కథేంటి?

ఈసారి కథ లియోనిడా అనే కల్పిత రాష్ట్రంలో నడుస్తుంది. ఇది అమెరికాలోని ఫ్లోరిడాకు నకలు. వైస్ సిటీ అంటే మయామీ. నగరంతో పాటు దీవులు, మొసళ్లు తిరిగే చిత్తడి నేలలు, చిన్న ఊళ్లు, కొండ ప్రాంతంలో నేషనల్ పార్క్.. ఇలా చాలా ప్రాంతాలను రాక్‌స్టార్ చూపించింది.

హీరో, హీరోయిన్ ఇద్దరూ క్రిమినల్సే. లూసియా కామినోస్ జైలు నుంచి బయటికొచ్చిన యువతి. జేసన్ డువాల్ ఒకప్పుడు ఆర్మీలో పనిచేసి, తర్వాత డ్రగ్స్ ముఠాల దగ్గర చేరినవాడు. ఈజీగా అయిపోవాల్సిన ఒక పని తేడా కొట్టడంతో ఇద్దరూ పెద్ద కుట్రలో ఇరుక్కుంటారు. ఒకరిని ఒకరు నమ్ముకోవడం తప్ప వేరే దారి ఉండదు. జీటీఏ త్రీడీ బాట పట్టాక ప్రధాన గేమ్‌లో కథానాయికగా ఒక మహిళ రావడం ఇదే తొలిసారి.

మరి ఎందుకింత లేట్?

సినిమా వాయిదా పడటం మనకు కొత్త కాదు. ఆర్ఆర్ఆర్‌కు కూడా కరోనా దెబ్బకు డేట్లు మీద డేట్లు మారి, చివరికి 2022 మార్చి 25న థియేటర్లలోకి వచ్చింది. కానీ సినిమాకు, ఇలాంటి గేమ్‌కు ఒక పెద్ద తేడా ఉంది.

సినిమాలో కెమెరా ఎటు చూపిస్తే ప్రేక్షకుడు అటే చూస్తాడు. ఫ్రేమ్ బయట సెట్ సగం కట్టి వదిలేసినా ఎవరికీ తెలియదు. ఓపెన్ వరల్డ్ గేమ్‌లో అలా కుదరదు. కెమెరా ఆడేవాడి చేతిలో ఉంటుంది. మిషన్‌కు వెళ్లమంటే బీచ్‌కు వెళ్తాడు. రోడ్డు మీద పొమ్మంటే కారును నీళ్లలోకి దించుతాడు. వాన పడుతుండగా, అర్ధరాత్రి, పోలీసులు తరుముతుంటే, పక్కనే రెండు లారీలు గుద్దుకుంటే.. ఈ నాలుగూ ఒకేసారి జరిగినా గేమ్ ఆగిపోకూడదు. ఒక్కో కొత్త అంశం చేర్చిన కొద్దీ అది మిగతా అన్నింటితో కలిసి ఎలా ప్రవర్తిస్తుందో చూసుకోవాలి. టెస్టింగ్ పని అందుకే గుట్టలా పెరుగుతుంది.

ఎంత పని ఉంటుందో తెలియాలంటే ఇదే కంపెనీ 2018లో తెచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 చూస్తే చాలు. అందులో డైలాగులు 5 లక్షలు. యానిమేషన్లు 3 లక్షలు. సుమారు 1,200 మంది నటులతో 2,200 రోజుల పాటు మోషన్ క్యాప్చర్ చేశారు. అంటే నటుల ఒంటికి సెన్సర్ సూట్లు తొడిగి, వాళ్ల కదలికలను రికార్డ్ చేసి బొమ్మల్లోకి ఎక్కించడం. ఒక్క ప్రధాన కథ స్క్రిప్టే దాదాపు 2,000 పేజీలు. ఏడేళ్ల కిందటి గేమ్‌కే ఇంత పని ఉంటే, ఇప్పటి గేమ్‌కు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

గేమ్ మొత్తం తయారైపోయినా కథ ముగిసినట్టు కాదు. బగ్స్ ఏరివేయాలి. పీఎస్5లోనూ, అంతకంటే తక్కువ పవర్ ఉన్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లోనూ స్మూత్‌గా నడిచేలా చూడాలి. సోనీ, మైక్రోసాఫ్ట్ తమ పరీక్షలు పెట్టి ఓకే చెప్పాలి. ఆ తర్వాతే డిస్కుల ప్రింటింగ్. రాక్‌స్టార్ చెబుతున్న తుది మెరుగులు అంటే ఈ దశే. బయటికి ఇది చిన్న మాటలా కనిపిస్తుంది కానీ, పెద్ద గేమ్స్‌లో నెలలకు నెలలు మింగేసేది ఇదే.

రాక్‌స్టార్‌కు ఇది అలవాటే!

నిజానికి ఈ కంపెనీ చరిత్ర తెలిసిన వాళ్లకు ఈ వాయిదా పెద్ద సర్‌ప్రైజ్ కాదు. జీటీఏ 4 2007 అక్టోబర్‌లో రావాలి. వచ్చింది 2008 ఏప్రిల్‌లో. జీటీఏ 5 2013 వేసవికి ముందే రావాలి. వచ్చింది సెప్టెంబర్‌లో. ఇక రెడ్ డెడ్ 2 సంగతైతే అచ్చం ఇప్పటి కథే. ముందు 2017 శరదృతువు, తర్వాత 2018 వసంతం, చివరికి 2018 అక్టోబర్ 26. రెండుసార్లు వాయిదా, మొత్తం ఏడాది ఆలస్యం. జీటీఏ 6 కూడా అదే దారిలో నడుస్తోంది. ఫలితం? రెడ్ డెడ్ 2 మొదటి మూడు రోజుల్లో 72.5 కోట్ల డాలర్లు రాబట్టింది. లేట్ అయిందన్న విషయమే ఎవరికీ గుర్తులేదు.

తొందరపడితే ఏమవుతుంది?

దీనికి సమాధానం 2020 డిసెంబర్ 10న దొరికింది. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ ఎంతో హైప్ మధ్య సైబర్‌పంక్ 2077 విడుదల చేసింది. పాత కన్సోళ్లలో గేమ్ నడవలేక మొరాయించింది. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ను తీసేసి, కొన్నవాళ్లకు డబ్బులు వెనక్కి ఇస్తామంది. మళ్లీ స్టోర్‌లోకి రావడానికి ఆరు నెలలు పట్టింది.

రాక్‌స్టార్ కూడా ఈ దెబ్బ తిన్నదే. 2021 నవంబర్‌లో వచ్చిన జీటీఏ ట్రైలజీ డెఫినిటివ్ ఎడిషన్ బగ్స్‌తో నవ్వులపాలైంది. చివరికి కంపెనీ ఫ్యాన్స్‌కు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

అయితే ఇక్కడో విషయం మర్చిపోకూడదు. సైబర్‌పంక్ కూడా ఒకసారి కాదు, 2020లోనే మూడుసార్లు వాయిదా పడింది. అయినా సగం ఉడికిన అన్నంలాగే వచ్చింది. అంటే వాయిదా వేసినంత మాత్రాన గేమ్ బాగుంటుందన్న గ్యారంటీ లేదు. ఆ దొరికిన టైమ్‌లో ఏం చేశారన్నదే ముఖ్యం.

డబ్బు లెక్క వేరే!

వాయిదా వార్త బయటికి రాగానే టేక్-టూ షేర్లు పడిపోయాయి. మరి నష్టం తెలిసీ ఎందుకు ఆగినట్టు? ఇక్కడే అసలు కిటుకు ఉంది.

ఒకప్పుడు గేమ్ అంటే ఒక్కసారి అమ్మి వదిలేసే సరుకు. ఇప్పుడు అలా కాదు. 2013 అక్టోబర్‌లో మొదలైన జీటీఏ ఆన్‌లైన్ ఇవాళ్టికీ నడుస్తోంది. గేమ్ కొన్నవాళ్లే అందులో కార్లు, ఇళ్లు, ఆయుధాల కోసం అసలు డబ్బు పెట్టి గేమ్ డబ్బు కొంటున్నారు. అంటే డిస్క్ అమ్మకం గేటు మాత్రమే. అసలు వ్యాపారం లోపల ఉంది. జీటీఏ 6 కూడా అలా ఏళ్ల తరబడి జనాన్ని పట్టి ఉంచాలన్నదే టార్గెట్. మొదటి వారమే చెడ్డపేరు వస్తే పోయేది ఆ వారం అమ్మకాలు కాదు, తర్వాతి పదేళ్ల ఆదాయం. దాని ముందు ఆరు నెలల ఆలస్యం చిన్న ఖర్చు.

ఇంకో పాయింట్ కూడా ఉంది. టేక్-టూ ఆర్థిక సంవత్సరం మన దగ్గరిలాగే ఏప్రిల్ నుంచి మార్చి వరకు. మే 26 అయినా, నవంబర్ 19 అయినా రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలోకి వస్తాయి. కాబట్టి ఆ ఏడాది లెక్కలు పెద్దగా తారుమారు కావు. పైగా నవంబర్ 19 అంటే అమెరికాలో థ్యాంక్స్ గివింగ్‌కు సరిగ్గా వారం ముందు. అక్కడ షాపింగ్ సీజన్ ఊపందుకునే టైమ్ అదే. మనకు సంక్రాంతి రిలీజ్ ఎలాగో, వాళ్లకు ఈ సీజన్ అలాగ.

లీకుల గోల

ఈ గేమ్‌కు తలనొప్పులు కూడా తక్కువేం లేవు. 2022 సెప్టెంబర్‌లో తయారీలో ఉన్న గేమ్‌కు చెందిన సుమారు 90 వీడియోలు ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. చేసింది బ్రిటన్‌కు చెందిన ఓ కుర్రాడు. అప్పటికే వేరే హ్యాకింగ్ కేసుల్లో బెయిల్‌పై ఉండి, ల్యాప్‌టాప్ కూడా పోలీసుల దగ్గరే ఉంది. అయినా హోటల్ గదిలో టీవీ, దానికి పెట్టే స్టిక్, ఒక ఫోన్‌తో పని కానిచ్చేశాడు! కోలుకోవడానికి 50 లక్షల డాలర్లు, ఉద్యోగుల పనిగంటలు వేలల్లో ఖర్చయ్యాయని రాక్‌స్టార్ చెప్పింది. 2023 డిసెంబర్‌లో కోర్టు అతడిని నిరవధికంగా సెక్యూర్ హాస్పిటల్‌లో ఉంచాలని ఆదేశించింది. అదే నెలలో తొలి ట్రైలర్ కూడా అనుకున్న టైమ్ కంటే ముందే లీకైపోయింది. చేసేది లేక రాక్‌స్టార్ అప్పటికప్పుడు అసలు వీడియో పెట్టేసింది.

ఈ లీకుల ప్రభావం ఆఫీసు మీద కూడా పడింది. ఉద్యోగులంతా వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాల్సిందేనని 2024లో కంపెనీ ఆదేశించింది. పని నాణ్యతతో పాటు సెక్యూరిటీ కూడా కారణమని చెప్పింది.

తయారు చేసేవాళ్ల మాటేంటి?

వాయిదా పడితే మనం మీమ్ వేసి ఊరుకుంటాం. కానీ ఆ గేమ్ మీద రాత్రీపగలూ కూర్చునే వాళ్లకు ఇది జీవితంలో ఓ పెద్ద భాగం. గేమింగ్ పరిశ్రమలో రిలీజ్ దగ్గర పడే కొద్దీ ఓవర్‌టైమ్ చేయించడాన్ని క్రంచ్ అంటారు. 2018లో రెడ్ డెడ్ 2 సమయంలో కంపెనీ సహ వ్యవస్థాపకుడు డాన్ హౌజర్ వారానికి 100 గంటలు పనిచేశామని చెప్పడం పెద్ద దుమారం రేపింది. అది నలుగురు సభ్యుల రైటింగ్ టీమ్ గురించి మాత్రమేనని ఆయన తర్వాత వివరణ ఇచ్చారు. అయినా పని గంటలపై ఉద్యోగులు అప్పుడు గొంతు విప్పారు. డాన్ హౌజర్ 2020లో కంపెనీని వీడారు.

ఇప్పుడు మరో వివాదం. రెండో వాయిదాకు వారం ముందు బ్రిటన్, కెనడాల్లో 30 మందికి పైగా ఉద్యోగులను రాక్‌స్టార్ తొలగించింది. యూనియన్ పెట్టుకుంటున్నారనే వాళ్లను తీసేశారని ఐడబ్ల్యూజీబీ కార్మిక సంఘం ఆరోపించింది. రహస్య సమాచారాన్ని బయటి వాళ్లున్న చోట పంచుకున్నందుకే తొలగించామని కంపెనీ అంటోంది. ఎడిన్‌బరోలోని రాక్‌స్టార్ నార్త్ ఆఫీసు ముందు నిరసనలు కూడా జరిగాయి.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. బెంగళూరులో రాక్‌స్టార్ ఇండియా స్టూడియో ఉంది. 2019లో అక్కడి ధ్రువ ఇంటరాక్టివ్‌ను కూడా కొని ఇందులో కలిపేసుకున్నారు. 1997లో మొదలైన ధ్రువ మన దేశంలో తొలితరం గేమింగ్ కంపెనీ. అంటే రాక్‌స్టార్ గేమ్స్‌లో మనం చూసే ప్రపంచం ఎడిన్‌బరో, న్యూయార్క్‌లోనే కాదు, బెంగళూరు డెస్కుల మీద కూడా తయారవుతోంది. అదనంగా దొరికిన ఆరు నెలలు వీళ్లకు ఊపిరి పీల్చుకునే టైమ్ అవుతుందా, మరో ఆరు నెలల క్రంచ్ అవుతుందా అన్నది బయటికి కనిపించని అసలు ప్రశ్న.

మన ఫోన్‌లో ఆడొచ్చా?

ఒక్క మాటలో చెప్పాలంటే.. ఆడలేం. ఇప్పటివరకు ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లకు మాత్రమే. పీసీ వెర్షన్‌కు డేట్ చెప్పలేదు. మొబైల్ వెర్షన్ ప్రకటనే లేదు. జీటీఏ 5 కూడా కన్సోళ్లలో వచ్చిన ఏడాదిన్నరకు, 2015 ఏప్రిల్‌లో పీసీకి వచ్చింది. మన దగ్గర పీఎస్5 కొనాలంటే అర లక్ష రూపాయల మాట. గేమ్ ధరను కంపెనీ ఇంకా ప్రకటించలేదు. ఇంటర్నెట్‌లో తిరుగుతున్న రేట్లన్నీ ఊహాగానాలే.

అందుకే జాగ్రత్త. జీటీఏ 6 మొబైల్ డౌన్‌లోడ్, బీటా యాక్సెస్, ఫ్రీ ఏపీకే అంటూ యూట్యూబ్ డిస్క్రిప్షన్లలో, టెలిగ్రామ్ గ్రూపుల్లో కనిపించే లింకులన్నీ ఫేకే. రాని గేమ్‌కు ఫైల్ ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటి ఏపీకే ఇన్‌స్టాల్ చేసి, ఎస్ఎంఎస్ చదివే పర్మిషన్ ఇచ్చారంటే మీ బ్యాంక్ ఓటీపీలు అవతలివాడి చేతికి వెళ్లే ప్రమాదం ఉంది. పిల్లల చేతిలో ఉండే ఫోన్‌కే యూపీఐ కూడా లింకై ఉంటే ఇంకా ప్రమాదం. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

తల్లిదండ్రులు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఇది చిన్నపిల్లల గేమ్ కాదు. హింస, డ్రగ్స్, బూతులు ఉంటాయి కాబట్టే జీటీఏ 5కు యూరప్‌లో 18 ఏళ్లు దాటినవారికే అన్న రేటింగ్ ఇచ్చారు. బాబు అడిగాడు కదా అని కొనిచ్చే ముందు ఒక ట్రైలర్ చూసి నిర్ణయం తీసుకోండి.

చివరిగా..

నవంబర్ 19 అయినా ఖాయమేనా? కంపెనీ అయితే ధీమాగానే ఉంది. ఇది మరోసారి మారితే షాపింగ్ సీజన్ చేజారుతుంది, ఆర్థిక సంవత్సరం లెక్కలూ తప్పుతాయి. అందుకే ఈ డేట్‌కు గత రెండింటి కంటే బరువు ఎక్కువ. గేమ్ బాగుంటే ఈ వాయిదాలన్నీ జనం వారంలో మర్చిపోతారు. బాగోలేకపోతే మాత్రం 13 ఏళ్లు ఏం చేశారని అడగడానికి 20 కోట్ల మంది సిద్ధంగా ఉన్నారు. అప్పటిదాకా ట్రైలర్ చూడండి, ఫేక్ లింక్ మాత్రం నొక్కకండి!